పడవకు ముందు అరగంట

గిటారు చేతికొచ్చిన మొదటి నాలుగు నెలలూ మేము ఒక్క పాట కూడా వాయించలేదు. వేళ్ల కసరత్తు మాత్రమే చేశాం. రోజూ పొద్దున్నే పావుగంట నేను, పావుగంట వాడు.

వాడంటే నా స్నేహితుడు. డెబ్భైల మధ్యలో ఇద్దరం అమలాపురంలో డిగ్రీ చదువుతూ, కాలేజీకి దగ్గర్లో ఒక మేడ మీద గది తీసుకుని ఉండేవాళ్లం. నాది మండపేట. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. వాడిది గోదావరి పాయ వైనతేయ దాటాక రాజోలు వైపు ఒక ఊరు. వాళ్ల నాన్నగారు వేదం చెప్పే పండితులు. ఆయన కొడుకు గిటారు పట్టుకోవడమే ఒక వింత, అందులోనూ అది నా ద్వారా జరగలేదు. వాడే ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని రేడియోలు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాడు.

ఆ దుకాణదారు పెద్దాయన. వయసులో ఉండగా విశాఖపట్నంలో ఏదో హోటల్లో గిటారు వాయించేవారట. ఊరందరికీ ఆయన రేడియో మాస్టారు, మాకు ఉత్త మాస్టారు. ఆయన దగ్గరున్న పాత గిటారునే ఇద్దరం కలిసి తీసుకున్నాం. దానికి సంచి లేకపోతే అంబాజీపేటలో ఒక వడ్రంగి చేత తేలిక చెక్కతో మూత పెట్టె చేయించాం. మోసుకెళుతుంటే దారిలో జనం అందులో ఏముందని అడిగేవారు. వాడు ఒక్కొక్కరికి ఒక్కో సమాధానం చెప్పేవాడు.

మాస్టారి పద్ధతి చాలా చిన్నది. ఎడమచేతి చూపుడువేలు ఒకటి, నడిమివేలు రెండు, ఉంగరపువేలు మూడు, చిటికెనవేలు నాలుగు. ఒక తీగ మీద వరసగా నాలుగు మెట్లలో నాలుగు వేళ్లూ ఒకదాని వెనక ఒకటి పడాలి. తర్వాత పక్క తీగ. ఆరు తీగలూ దిగి, మళ్లీ ఎక్కి, ఒక మెట్టు జరిగి మళ్లీ మొదలు.

"పాటలకేం తొందరండి, అవి ఎక్కడికీ పోవు," అనేవారు మాస్టారు. "ముందు వేళ్లు మీ మాట వినాలి. నెమ్మదిగా చెయ్యండి. వేలు తీగకి దగ్గరే ఉండాలి, గాల్లోకి లేపకండి. పావుగంటే చెయ్యండి. ఆపైన చేసేరంటే వేళ్లు మొద్దుబారిపోతాయి, తప్పులే అలవాటవుతాయి. రోజూ చెయ్యండి, పావుగంట దాటకండి. ఈ రెండే నా రూల్సు."

నా చిటికెనవేలు నా మాట వినేది కాదు. అది కిందికి దిగితే ఉంగరపువేలు కూడా దానితోపాటే వాలిపోయేది. నాలుగో స్వరం ఎప్పుడూ సగం మూగగా పలికేది. వాడికి అలా కాదు. రెండో నెలకే వాడి నాలుగు వేళ్లూ దేని పని అది చేసుకుపోయేవి. వేళ్ల చివర్లు కాయలు కాశాయని చూపించి మురిసిపోయేవాడు. గిటారు లేనప్పుడు కూడా బస్సు ఊచ మీదో, పుస్తకం అట్ట మీదో వాడి ఎడమచెయ్యి ఆ నడక నడుస్తూనే ఉండేది.

వాడు పైకి లెక్కపెడుతూ వాయించేవాడు. ఆ లెక్క మామూలు లెక్క కాదు. ఒకటి కిందికి దించి, రెండు సమంగా, మూడు పైకెత్తి, నాలుగు కొంచెం సాగదీసి అనేవాడు. అచ్చం వాళ్ల నాన్నగారు వేదపన్నాలు చెప్పినట్టు. మొదట్లో నన్ను నవ్వించడానికే మొదలుపెట్టాడు. తర్వాత వాడికే అలవాటైపోయింది. నాకు కూడా ఆ గొంతు లేకపోతే కసరత్తు చేసినట్టు ఉండేది కాదు.

శని, ఆదివారాలు గిటారును వంతులవారీగా ఇళ్లకు తీసుకెళ్లేవాళ్లం. ఒకసారి వాడి వంతు వచ్చినప్పుడు నన్ను కూడా వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. వాళ్లమ్మగారిని నేను పిన్నిగారనీ, నాన్నగారిని బాబాయిగారనీ పిలిచేవాడిని. పిన్నిగారు నాకు వసారాలో పీట వేసి వడ్డించారు. వాళ్లింట్లో బయటివాళ్లకు భోజనం అక్కడే. అది నాకు తెలుసు, తప్పనిపించలేదు. వాడు మాత్రం తన విస్తరి తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. పిన్నిగారు ఒక్క క్షణం చూసి, వాడికి కూడా అక్కడే వడ్డించారు.

ఆ సాయంత్రం వాడు వసారాలో కూర్చుని కసరత్తు మొదలుపెట్టాడు. మాస్టారు చెప్పిన వరసకు తోడు వాడు సొంతంగా కొన్ని వరసలు కట్టాడు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు. రెండు మూడు, మూడు రెండు, రెండు మూడు. అలా వేళ్లను ముందుకూ వెనక్కూ ముడివేస్తూ పోయేవాడు. లోపల గదిలో బాబాయిగారు ఏదో చదువుకుంటున్నారు. ఆయనకు ఆ వాద్యం ఇష్టం లేదని వాడు అంతకుముందే చెప్పాడు.

ఉన్నట్టుండి లోపల్నించి ఆయన గొంతు వినిపించింది. "మూడోది తప్పేవు."

వాడి చెయ్యి ఆగిపోయింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"వేదం చెప్పినట్టు జటపాఠం చెబుతున్నావా దానిమీద?"

"ఆయ్. వేళ్లకి మంచిదని నాన్నగారూ."

"అయితే సరిగ్గా చెప్పు. రెండు మూడు, మూడు రెండు, రెండు మూడు. నువ్వు చివర్న మళ్లీ మూడు రెండు అన్నావు."

వాడు మళ్లీ వాయించాడు. ఆయన కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లు లోపలికి మడుస్తూ చివరిదాకా విన్నారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. వరస తప్పకుండా ముగిసిందని నిర్ధారణ చేసుకుని లోపలికి వెళ్లిపోయారు. వాడు నా వైపు తిరిగి, పెదవులు మాత్రమే కదిలిస్తూ, "ఒప్పుకున్నారు," అన్నాడు. వాడి ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇది జరిగిన మూడు నెలలకు ఆ శనివారం వచ్చింది.

గోదావరికి వరద వచ్చి తీసిన రోజులు. పాయల్లో నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రేవుల్లో పడవలు మళ్లీ తిరగడం మొదలై నాలుగు రోజులైంది. ఆ వారం గిటారు తీసుకెళ్లే వంతు వాడిది. పొద్దున్న ముందు నేను కసరత్తు చేసి ఇచ్చేస్తే, వాడు పెట్టె పట్టుకుని రేవుకు వెళ్లి మొదటి పడవ ఎక్కాలి. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని మేడమెట్ల మీద కూర్చున్నాడు.

నా పావుగంట అయిపోయింది. కానీ ఆ రోజు, మొట్టమొదటిసారి, నా చిటికెనవేలు ఒంటరిగా దిగింది. ఉంగరపువేలు కదలలేదు. నాలుగో స్వరం గంట కొట్టినట్టు పలికింది. మళ్లీ చేశాను, మళ్లీ పలికింది. ఇక రెండు రోజులు గిటారు ఉండదు. సోమవారానికి ఆ వేలు ఇది మరిచిపోతుందేమోనని నాకు భయం వేసింది. భయం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. వాడికి రెండో నెలలో వచ్చింది నాకు ఇన్నాళ్లకు వచ్చింది, ఇప్పుడు కూడా వాడే పట్టుకుపోతున్నాడే అనే ఉక్రోషం కూడా ఉంది.

"ఒరేయ్, పడవ," అన్నాడు మెట్ల మీద నుంచి.

"ఇంకొక్కసారిరా."

ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో తెలియదు. వాడు విసుక్కోలేదు. మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ నాతోపాటు లెక్కపెట్టాడు. ఒకసారి, "ఆ వేలు వచ్చిందిరా నీకు! వినపడింది!" అన్నాడు. నాకంటే వాడికే ఎక్కువ సంతోషం. అది విని ఇంకా ఉత్సాహంగా వాయించాను. చివరికి నేను గిటారు పెట్టెలో పెట్టి ఇచ్చేసరికి అరగంట ఆలస్యమైంది. వాడు పెట్టె భుజాన వేసుకుని, "ఇది పోతే ఇంకో పడవ," అని మెట్లు దిగాడు.

మధ్యాహ్నం కాలేజీ దగ్గర ఎవరో చెప్పారు, వైనతేయలో పడవ తిరగబడిందని. సైకిలు మీద రేవుకు వెళ్లాను. గట్టు నిండా జనం. కొబ్బరికాయలు నీళ్ల మీద తేలుతూ ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. ఎవరిని అడగాలో తెలియక టీ దుకాణం దగ్గర నిలబడ్డాను. టీ కొట్టాయన అడగకుండానే చెబుతున్నాడు, వచ్చినవాళ్లందరికీ.

"మొదటి పడవ శుభ్రంగా దాటేసిందండి. ఓ బాబు చెక్కపెట్టి ఒకటి భుజాన్నేసుకుని పరిగెత్తుకొచ్చేడు. అప్పుడే పడవ తీసేసేరు. చెయ్యి ఊపేడండి, కేకేసేడు, ఆపలేదు. ఇదిగో, ఈ బల్లమీదే కూచుని టీ తాగేడు. తర్వాత పడవకి బస్తాలెక్కువ, జనం ఎక్కువ. మధ్యలో గాలి కొట్టింది. అంతేనండి."

నేను ఆ బల్ల వైపు చూశాను. ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని లేవమందామనిపించింది. ఎందుకో నాకే తెలియదు.

వాడు మర్నాడు దొరికాడు. పెట్టె మాత్రం ఆ రోజే దొరికింది. ఒక ఆడమనిషి దాన్ని వాటేసుకుని తేలుతూ ఉంటే దిగువన చేపల పడవవాళ్లు చూసి, ఆమెతోపాటు దాన్ని కూడా లాగారు.

పన్నెండో రోజు దాటాక నేను వాళ్లింటికి వెళ్లాను. బాబాయిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కనే గోడకు ఆనించి పెట్టె ఉంది. చెక్క మీద బురద ఎండి తెల్లగా చారలు కట్టింది.

"దీన్ని నువ్వు తీసుకుపో నాయనా," అన్నారు. "ఇది కనిపిస్తుంటే మీ పిన్నిగారు వీధిలోకి రావడం లేదు."

ఆయన పాదాల దగ్గర మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. నా వేలు, ఆ ఇంకొక్కసారి, మెట్ల మీద వాడు కాచుకుని కూర్చోవడం, రేవులో టీ కొట్టాయన చెప్పిన మాట. ఆయన నేలవైపు చూస్తూ విన్నారు. ఆయన కొట్టినా బాగుండుననిపించింది.

"ఎవరికైనా చెప్పేవా?"

"లేదండి."

"మీ పిన్నిగారికి చెప్పకు. ఆవిడకి ఆ ఏటిమీద కోపం. పగలూ రాత్రీ దాన్నే తిడుతోంది. తిట్టనీ. ఏటిని తిడితే ఏటికేం కాదు. నిన్ను తిట్టడం మొదలుపెడితే ఆవిడకీ మంచిది కాదు, నీకూ కాదు."

"మరి మీరండి?"

ఆయన లేచి కండువా దులుపుకున్నారు. "నాకు తెలిసింది కదా. నా దగ్గర ఉంటుంది," అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మాటలో క్షమ ఉందో లేదో అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

గిటారు మాస్టారికిచ్చాను. ఆయన తీగలు తీసేసి, లోపలి మట్టి తడిగుడ్డతో తుడిచి, దుకాణం వెనక నీడలో నెలరోజులు ఆరబెట్టారు. అతుకులు విడిన చోట మళ్లీ అంటించారు. కొత్త తీగలు వేసి ఒకసారి మీటి, ముఖం అదోలా పెట్టారు. "గొంతు మారిపోయిందండి. వాయించుకోవచ్చు. కానీ ఇది వేరే గొంతు," అన్నారు.

గదిలో నేనొక్కణ్ణే. ఇల్లుగలవాళ్లు ఇంకొకర్ని చేర్చుకోమంటే చేర్చుకోలేదు. మొదటి పొద్దున్న పెట్టె తెరిచి, ఒడిలో పెట్టుకుని, చూపుడువేలు తీగ మీద ఆనించాను. నేను లెక్కపెట్టలేదు. నోరు మూసుకునే ఉన్నాను. రెండో తీగకు వచ్చేసరికి మెట్ల వైపు నుంచి లెక్క వినిపించింది. ఒకటి కిందికి, రెండు సమంగా, మూడు పైకి, నాలుగు సాగదీసి.

ఆపేశాను. అదీ ఆగిపోయింది. తలుపు తీసి చూశాను. మెట్ల మీద ఎండ పడుతోంది, ఎవరూ లేరు.

మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. చెవి దగ్గర గుసగుసగా కాదు. అవతల మెట్టు మీద కూర్చున్న మనిషి ఎంత గట్టిగా అంటాడో అంత గట్టిగా. పాత పాట ఏదైనా వాయిస్తే వినపడేది కాదు. కసరత్తు చేసినప్పుడే, అదీ నేను మౌనంగా ఉన్నప్పుడే. వారం రోజులు గిటారు ముట్టుకోలేదు. ఆ వారం ఇంకా ఘోరంగా గడిచింది. గది అంతా వాడు నాకోసం కాచుకుని కూర్చున్నట్టే ఉండేది. ఇంకొక్కసారి అని నేను అనాలి, వాడు సరే అనాలి, అంతవరకూ ఇద్దరం కదలకూడదు అన్నట్టు.

ఇక ఆగలేక మాస్టారికి చెప్పాను. ఆయన ఒక రేడియో విప్పి బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. నవ్వలేదు, భయపడలేదు.

"లెక్క సరిగ్గా ఉంటోందా అండి?"

"ఆయ్. తాళం ఎక్కడా తప్పడం లేదండి."

"అయితే దాంతోపాటే వాయించండి. పావుగంట అవగానే ఆపేయండి. వినపడినా ఆపేయండి. అది ముఖ్యం."

అలాగే చేశాను. గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంట కాగానే, స్వరం మధ్యలో ఉన్నా సరే చెయ్యి తీసేసేవాడిని. లెక్క ఒక్కోసారి ఇంకో మూడు అంకెలు ముందుకు వెళ్లి ఆగేది.

ఆ సమయంలోనే నేను, పెట్టె పట్టుకుని బతికిన ఆ ఆడమనిషిని వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె గోదావరి లంకలో కూరలు పండించి అమలాపురం సంతకు తెచ్చి అమ్ముకునే మనిషి. తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతూ కూర్చుంది. నేను ఫలానా అని చెప్పగానే చేతిలో చెంబు పక్కన పెట్టేసింది.

"కూచోండి బాబూ," అంది. "అడగండి. నన్నెవరూ అడగలేదు. పోలీసోళ్లు పడవెలా ములిగిందనే అడిగేరు."

"వాడు ఏమన్నాడండి?"

"నేను ములిగిపోతా ఉంటే ఆ పెట్టి నా మీదకి తోసేడు బాబూ. 'అమ్మా, పట్టుకో, వదలకు,' అన్నాడు. ఆయన అటుపక్క పట్టుకున్నాడు, నేను ఇటుపక్క. నేనేమో ఏడుపూ, కేకలూ. కాళ్లు కొట్టేసుకుంటన్నాను. అప్పుడాయన, 'కేకలెయ్యకమ్మా, నాతోపాటు లెక్కెట్టు,' అన్నాడు. లెక్కెట్టేడండి. నాలుగే, మళ్లీ నాలుగే. ఆ లెక్క మనం లెక్కెట్టినట్టు లేదు బాబూ. పంతులుగారు గుళ్లో మంత్రం చెప్పినట్టుంది."

ఆమె ఆ నాలుగు అంకెలూ అన్నది. ఒకటి దించి, రెండు సమంగా, మూడు ఎత్తి, నాలుగు సాగదీసి. సంతలో అంత గోల మధ్య, ఎవరో తెలియని మనిషి నోట్లోంచి నేను దాన్ని విన్నాను.

"నేనూ అన్నాను ఆయన్తోపాటు. భయం తగ్గింది. పెట్టి ఇద్దరికీ చాలట్లేదని ఆయనకి తెలిసిందనుకుంటాను. 'నాకు ఈత వచ్చమ్మా, నేను ముందెళ్లి పడవని పిలుస్తాను, నువ్వు లెక్కాపకు,' అని వదిలేసేడు. నేను ఆపలేదు బాబూ. చేపలోళ్లొచ్చి లాగేదాకా ఆపలేదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే."

ఆమెకు కూడా వినిపిస్తోందని తెలిశాక నాకు ధైర్యం రాలేదు కానీ, ఒంటరితనం కొంచెం తగ్గింది. ఆమె నాకు రెండు కట్టలు తోటకూర సంచిలో పెట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

ఇదంతా వెళ్లి పిన్నిగారికి చెప్పాను. కొడుకు ఒక ప్రాణాన్ని నిలబెట్టాడని ఆవిడకు తెలియాలి కదా. ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుని విన్నారు. ఆ రోజే ఆవిడ నన్ను మొదటిసారి లోపలికి పిలిచారు. వంటింటి పక్క గదిలో వాడు కూర్చునే చోట పీట వేసి, వాడి కంచంలోనే వడ్డించారు. బాబాయిగారు ఎదురుగా కూర్చుని, తల ఎత్తకుండా తిన్నారు. ఆ ఇంటి లోపలి గదిలోకి నేను అలా అడుగుపెట్టాను.

మజ్జిగ పోస్తూ ఆవిడ అడిగారు. "ఎప్పుడూ మొదటి పడవకే వచ్చేసేవాడు. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో నీకేమైనా తెలుసా నాయనా?"

బాబాయిగారి చెయ్యి కంచంలో ఆగింది.

"తెలియదండి పిన్నిగారూ," అన్నాను.

తర్వాత నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. కొత్తపేటలో వేశారు. గిటారు వెంట తీసుకెళ్లాను. అక్కడ ఒక పెంకుటింట్లో అద్దెకుండి, పనికి వెళ్లే ముందు రోజూ పావుగంట కసరత్తు చేసేవాడిని. ఊరు మారింది, మెట్లు లేవు, మేడ లేదు. లెక్క మాత్రం నాతోనే వచ్చింది. గుమ్మం బయట నుంచి వినిపించేది. పెళ్లయ్యాక నా భార్య, "మీరు పొద్దున్నే అలా మూగగా కూర్చుని ఎవరి మాటో వింటున్నట్టు వాయిస్తారేమండీ?" అంది. అవునన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నా వేళ్లు మాత్రం బాగా సాగాయి. కొత్తపేటలో పెళ్లిళ్లకు వచ్చే ఆర్కెస్ట్రావాళ్లు విని రమ్మన్నారు కూడా. వెళ్లలేదు.

రెండు మూడు నెలలకొకసారి వైనతేయ దాటి వాళ్లింటికి వెళ్లేవాడిని. వెళ్లిన ప్రతిసారీ పిన్నిగారు లోపల పీట వేసి భోజనం పెట్టేవారు. ప్రతిసారీ, ఒక్కోసారి అన్నం వడ్డిస్తూ, ఒక్కోసారి గుమ్మం దాకా సాగనంపుతూ, అదే ప్రశ్న అడిగేవారు. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో. నేను తెలియదనే అనేవాడిని. ఏడెనిమిదేళ్లు. ఆ అబద్ధం చెప్పడం కూడా రోజువారీ కసరత్తులాగే నాకు పట్టుబడింది. గొంతు వణకకుండా, కళ్లు తిప్పకుండా చెప్పడం వచ్చేసింది.

ఎనభైల మొదట్లో బాబాయిగారు పోయారు. ఏడాది తిరిగాక పిన్నిగారు రాజమండ్రిలో ఉన్న పెద్దమ్మాయి దగ్గరకు వెళ్లిపోతున్నారని కార్డు వచ్చింది. వెళ్లేముందు ఒకసారి చూసి వెళ్లమని రాయించారు. వెళ్లాను. సామాన్లు సగం కట్టేసి ఉన్నాయి. ఆవిడ ట్రంకుపెట్టె మీద కూర్చుని, నన్ను కూర్చోమనకుండానే అడిగారు.

"ఇంక నేను నిన్ను అడగలేను నాయనా. ఇదే ఆఖరు. ఆ రోజు ఎందుకు ఆలస్యమైంది?"

చెప్పవద్దన్న మనిషి ఇప్పుడు లేడు. నేను నేల మీద కూర్చుని చెప్పాను. బాబాయిగారికి చెప్పినట్టే, ఒక్క ముక్క దాచకుండా. ఆవిడ ఏడుస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను.

"ఎంతసేపు?" అన్నారు.

"అరగంటండి."

"ఆ అరగంటా వాడు మెట్ల మీదే కూచున్నాడా?"

"ఆయ్."

"విసుక్కున్నాడా?"

"లేదండి. నవ్వేడు. నా వేలు బాగా పలికిందని సంతోషపడ్డాడు."

"ఎండలో కూచున్నాడా, నీడలోనా?"

"ఎండేనండి. పొద్దుటి ఎండ."

"ఏం తిన్నాడు?"

"రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకున్నాడండి. మామిడికాయ ముక్కతో."

"అది నేను పంపిన జాడీలోదేనా?"

"ఆయ్."

ఆవిడ అలా అడుగుతూనే ఉన్నారు. ఏ చొక్కా, జుట్టు దువ్వుకున్నాడా, ఏ మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆవిడ కళ్లు నా ముఖం మీద నుంచి కదలలేదు. చివరికి లేచి నిలబడ్డారు. అప్పుడు వచ్చింది కోపం. గొంతు పెంచలేదు.

"వాడు ఇంట్లోంచి వెళ్లింది అంతకుముందు ఆదివారం. మళ్లీ నేను చూసింది ఏటి ఒడ్డున. మధ్యలో ఏమీ లేదు నాకు. నీ దగ్గర అరగంట ఉంది. ఎండలో కూచుని నవ్విన అరగంట. ఎనిమిదేళ్లు నా చేతి అన్నం తింటూ నాకివ్వకుండా దాచుకున్నావు."

"బాబాయిగారు వద్దన్నారండి," అన్నాను. అనగానే సిగ్గేసింది.

"ఆయనా దాచేరన్నమాట," అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. చాలాసేపు కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు. ఆ ఇంటి నుంచి అన్నం తినకుండా వచ్చేయడం అదే మొదలు.

పడవలో వస్తుంటే నాకు ఏటి మీద గాని, ఆవిడ మీద గాని ఏమీ అనిపించలేదు. నేను మోసింది ఒకటి, ఆవిడకు కావలసింది ఇంకొకటి. నా తప్పును అన్నేళ్లూ తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ అరగంటలో వాడు బతికి ఉన్నాడని నాకు తట్టలేదు.

మూడు నెలల తర్వాత కొత్తపేట పోస్టాఫీసులో టపా విడదీస్తుంటే నా పేర ఒక కార్డు కనిపించింది. రాజమండ్రి ముద్ర. పెద్దమ్మాయి చేతిరాత. క్షేమసమాచారాలు లేవు. "ఆ రోజు వాడి చెప్పులు పాతవా, కొత్తవా అని అమ్మ అడగమంటోంది," అని ఒక్క వాక్యం. పాతవే, ఎడమకాలి పట్టీ కుట్టించుకున్నాడు అని అప్పుడే జవాబు రాసి, నా చేతులతోనే ముద్ర కొట్టి పంపాను.

అప్పటినుంచి నెలకో, రెండు నెలలకో ఒక కార్డు వచ్చేది. ప్రతిదానిలో ఒక్కటే ప్రశ్న. మెట్ల మీద ఉండగా మంచినీళ్లు అడిగాడా? దగ్గాడా? వీధిలో ఎవరైనా వెళ్తే పలకరించాడా? చేతికి గడియారం ఉందా? మొదట్లో నాకు గుర్తున్నవే రాశాను. తర్వాత గుర్తులేనివి రావడం మొదలైంది. గుర్తులేదని ఒకసారి రాశాను. ఆర్నెల్లు కార్డు రాలేదు. ఆ ఆర్నెల్లూ రోజూ టపా సంచి విప్పగానే ముందు రాజమండ్రి ముద్ర కోసమే వెతికేవాడిని.

మళ్లీ కార్డు వచ్చినప్పుడు నేను గుర్తులేదని రాయలేదు. వీధిలో పాలు పోసే మనిషిని పలకరించాడని రాశాను. దగ్గలేదు, ఒకసారి తుమ్మాడని రాశాను. మెట్టు మీదకు పిల్లి వస్తే దాని తల నిమిరాడని రాశాను. ఎనభైలు ముగిసే లోపే ఆవిడ పోయారు. పెద్దమ్మాయి ఆ కబురు కూడా కార్డు మీదే రాసింది. నా జవాబులన్నీ అమ్మ దిండు కింద ఉండేవనీ, వాటిని ఆవిడతోపాటే పంపేశామనీ రాసింది.

నా దగ్గర ఆవిడ అడిగిన కార్డులున్నాయి గాని, నేను రాసినవి లేవు. ఆ పిల్లి నిజంగా వచ్చిందా అని ఇప్పుడు ఎంత ఆలోచించినా నాకు తెలియదు. కళ్లు మూసుకుంటే మాత్రం బూడిదరంగు పిల్లి, దాని చెవుల మధ్య వాడి చెయ్యి, స్పష్టంగా కనిపిస్తున్నాయి.